పాత పేటలో ఇల్లు: ఈ మోజు ఎన్నాళ్లుంటుంది?

వేపనీడ:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మేం ఉండేది ఊరి చివర కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో. లిఫ్టు, పార్కింగు, జనరేటరు అన్నీ ఉన్నాయి, లోటేమీ లేదు. కానీ ఊరి మధ్యలో ఉన్న పాత పేటకి ఎప్పుడు వెళ్లినా నాకు తిరిగి రాబుద్ధి కాదు. రెండు మూడంతస్తుల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, తలుపు తీస్తే నేరుగా వీధి, చెక్క కిటికీలు, ఎవరో ఎప్పుడో ఓపిగ్గా చెక్కించుకున్న గుమ్మాలు. ఇప్పుడక్కడ ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. ఆ పేట మొత్తాన్ని వారసత్వ ప్రాంతంగా ప్రకటించారని బ్రోకరు చెప్తున్నాడు. మా ఆయనేమో "ఆదివారం చూడ్డానికి బాగానే ఉంటుంది, సోమవారం నుంచి శనివారం దాకా ఉండాల్సింది మనం" అంటున్నారు.

రెండు విషయాలు కావాలి. ఇలాంటి చోట నిజంగా ఉంటున్నవాళ్లకి ఆ ఇష్టం కొన్నాళ్లకి ఆవిరైపోతుందా, నిలబడుతుందా? ఇంకోటి, సంతకం పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి? ఊరు, దేశం కావాలనే చెప్పడం లేదు, ఎక్కడున్నవాళ్లయినా మీ అనుభవం చెప్పండి. కవిత్వం మాత్రం వద్దు ప్లీజ్, అది నా దగ్గర కావాల్సినంత ఉంది.

మూడోమెట్టు:

వేపనీడ గారూ, నేను అచ్చం ఇలాంటి పేటలోనే అద్దెకుంటున్నాను. సూటిగా చెప్పేస్తా. చెక్కిన గుమ్మం, రంగు అద్దాల కిటికీ, నున్నగా అరిగిన మెట్లు, ఇవన్నీ కొన్నాళ్లకి కంటికి ఆనవు. చుట్టాలొచ్చి ఫొటోలు తీసుకుంటుంటే "అవును కదా" అనిపిస్తుంది, అంతే. అలవాటైపోనిది ఇంకొకటుంది, అది ఇంట్లో లేదు, వీధిలో ఉంది.

ఈ పేటలు నడిచే మనుషుల కాలంలో కట్టినవి. స్థలాలు చిన్నవి, ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. అందువల్ల నాలుగడుగులు వేస్తే ఇంకో గుమ్మం వస్తుంది. కొత్త కాలనీలో అంత దూరమూ ఒకే ప్రహరీ గోడ ఉంటుంది, దానికో గేటు, గేటు దగ్గరో కెమెరా. గుమ్మాలు దగ్గరదగ్గరగా ఉంటే మనుషులు కనబడతారు, కనబడితే మాటలు కలుస్తాయి, పిల్లాడు సందులో ఆడుకుంటుంటే ఎవరో ఒకరి కన్ను వాడి మీద ఉంటుంది. ఒక్కోసారి అదే తలనొప్పి కూడా, మీ ఇంటికి ఎవరొచ్చారో మీకంటే ముందు ఎదురింటివాళ్లకి తెలుస్తుంది. అది కూడా ప్యాకేజీలో భాగమే.

1961లో జేన్ జేకబ్స్ అనే ఆవిడ అమెరికా నగరాల గురించి రాస్తూ ఒక పేట బతికుండాలంటే నాలుగు కావాలంది. ఇళ్లు, పనులు, వ్యాపారాలు కలగలిసి ఉండాలి, వీధులు పొట్టిగా ఉండి మలుపులు తరచుగా రావాలి, వేర్వేరు వయసుల భవనాలు పక్కపక్కన ఉండాలి, జనం దండిగా ఉండాలి. ఆవిడ పాత భవనాలు కావాలన్నది అందం కోసం కాదు. కొత్త భవనానికి పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలి కాబట్టి అద్దె గట్టిగా ఉంటుంది, అప్పుడే మొదలుపెట్టినవాళ్లూ చేతిపనులవాళ్లూ అది కట్టలేరు, వాళ్లకి మామూలు పాత భవనాలే దిక్కు అని ఆవిడ వాదన. పాత పేటలో తిరుగుతుంటే మనకి నచ్చే ఆ సందడికి కారణం చాలా మటుకు ఇదే, గోపురాలూ కమానులూ కాదు.

అందుకని ముందు మీకు నచ్చింది ఇల్లా, వీధా అన్నది తేల్చుకోండి. ఇల్లయితే మోజు తగ్గుతుంది, దాని స్థానంలో మరమ్మతుల లిస్టు వస్తుంది. వీధి అయితే తగ్గదు. కాకపోతే వీధి కోసం ఇల్లు కొనక్కర్లేదు, అద్దెకున్నా అదే వీధి.

గుండ్రాయి:

మూడోమెట్టు గారు చెప్పింది నిజమే, కానీ మంచాలూ బీరువాలూ పైకి ఎక్కించే సంగతి ఎవరూ చెప్పరేం? మా బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటే విప్పి ముక్కలు చేసి పైకి ఎక్కించాం. ఆమ్‌స్టర్‌డాంలో కాలవల పక్కన ఉన్న పాత ఇళ్లకి పైన ముక్కోణపు గోడలోంచి ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి దానికి కొక్కెం ఉంటుంది, చూశారా? అది అలంకారం కాదు. మెట్లు అంత ఇరుకు, నిటారు కాబట్టి సరుకులూ సామాన్లూ తాడు కట్టి బయట నుంచి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకునేవాళ్లు, ఇప్పటికీ ఇల్లు మారేటప్పుడు అలాగే చేస్తారు. సామాను గోడకి తగలకుండా ఉండాలని కొన్ని ఇళ్ల ముఖాలు కాస్త ముందుకి వాలేలా కట్టారంటారు. మీ దగ్గర కొక్కెం లేకపోతే టేపు పట్టుకెళ్లి మెట్ల మలుపు కొలవండి, ఆ తర్వాత గుమ్మం చెక్కడం చూడొచ్చు.

సున్నపుగోడ:

పాత కట్టడాల మరమ్మతులు చేయించడమే నా పని. కాబట్టి రెండో ప్రశ్న నాకు వదిలేయండి. పోస్టు పెద్దదవుతుంది, ఓపికుంటే చదవండి.

ఇల్లు ఎన్నేళ్లదన్నది నేను రెండోసారి అడుగుతాను. మొదట అడిగేది, ఈమధ్య దానికి ఎవరు ఏం చేశారని. నూటయాభై ఏళ్లు హాయిగా నిలబడ్డ గోడని సిమెంటు పూత పదేళ్లలో పాడుచేయగలదు. పోర్ట్‌లాండ్ సిమెంటుకి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో, అది ఊరూరికీ మామూలు వస్తువుగా చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకుముందు కట్టినవన్నీ సున్నం, మట్టి, ఇటుక, రాయి. డంగు సున్నం ఇటుక కంటే మెత్తన. నేలలోంచో వానలోంచో గోడలోకి వచ్చిన చెమ్మ ఆ సున్నపు అతుకుల గుండా మెల్లగా బయటికి ఆరిపోతుంది. దాని మీద గట్టి సిమెంటు కొట్టారనుకోండి, ఎర్రటి ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తినట్టే, లోపలి తడికి దారుండదు. అప్పుడది ఇటుక ముఖం గుండానే బయటికి రావాలని చూస్తుంది, ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. చలి దేశాల్లో అయితే ఆ తడి గడ్డకట్టి వ్యాకోచించి ఇంకా తొందరగా పగలగొడుతుంది. చూసేవాళ్లకి మాత్రం "పాత ఇటుక, నాసిరకం" అనిపిస్తుంది. ఇటుక తప్పేం లేదక్కడ.

సున్నానికి ఇంకో గుణం ఉంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుని తీసుకుంటూ మళ్లీ సున్నపురాయిలా మారుతుంది, సన్నని పగుళ్లలోకి నీరు వెళ్లినప్పుడు కరిగిన సున్నం అక్కడే పేరుకుని ఆ పగుళ్లని తనే పూడ్చుకుంటుంది. పాత గోడలు కాస్త కదిలినా విరగకుండా సర్దుకుపోవడానికి అదొక కారణం. అలాగని పెద్ద పగులు తనే పూడుతుందని కూర్చోకండి.

వెళ్లినప్పుడు గోడల కింది మూడడుగులు చూడండి. అక్కడ కొత్త ప్లాస్టరింగో, టైల్సో, చెక్క పలకలో కనబడితే వెనకాల చెమ్మ దాచారేమో అడగండి. గదిలో ఒక్క గోడకే తాజా రంగు ఉందంటే నేను బల్ల గుద్ది అడుగుతా. చెమ్మ కనబడగానే "నేలలోంచి వస్తోంది, మందు ఎక్కిస్తాం" అనే కంపెనీలు చాలా ఉన్నాయి, ముందు వాళ్లని పిలవకండి. చాలాసార్లు కారణం చిన్నదే: వాన నీటి గొట్టం పగిలి ఉంటుంది, చూరు దగ్గర తూము పూడుకుపోయి ఉంటుంది, లేదా రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ వీధి మట్టం మీ గచ్చు కంటే పైకొచ్చి ఉంటుంది. చివరిది పాత పేటల్లో మహా మామూలు. మొదటి రెండూ బాగుచేసుకోవచ్చు, మూడోదానికి మీరొక్కరే ఏం చేయలేరు, కాబట్టి ఇంట్లోకి దిగుతున్నారా ఎక్కుతున్నారా గమనించండి.

తర్వాత దూలాలు. మధ్యలో బాగానే ఉంటాయి, గోడలో దూరే చివర్లే పుచ్చుతాయి, ఎందుకంటే తడి అక్కడుంటుంది. స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడనివ్వమనండి, ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే. వైరింగు ఎప్పటిది, ఎర్తింగు ఉందా, నీటి గొట్టాలు సీసంతో చేసినవా అన్నది తెలిసిన ఎలక్ట్రీషియను, ప్లంబరు చేత చూపించండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది, అమెరికాలో ఇళ్లకి వేసే సీసపు రంగుల్ని నిషేధించింది 1978లో, ఇంకొన్ని దేశాల్లో ఇంకా ఆలస్యంగా. ఇంట్లో చిన్నపిల్లలుంటే కిటికీ చెక్కల్ని మీరే పొడిగా గీకేయకండి, ఆ దుమ్మే అసలు ప్రమాదం. ఇరవయ్యో శతాబ్దంలో పైకప్పుకో గొట్టాలకో రిపేరు జరిగి ఉంటే ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) సంగతి కూడా అడగాలి.

ఇవన్నీ చదివి భయపడకండి. పాత ఇల్లు మామూలుగా చెప్పకుండా కూలదు, చాలా ముందు నుంచే చెప్తూ ఉంటుంది. సమస్యల్లా ఆ సూచనల మీద పుట్టీ పూసి అమ్మేవాళ్లతోనే.

పెట్టెసర్దినవాడు:

అందరూ ఇష్టంగా రాస్తున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. నేను అలాంటి పేటలోంచి బయటికొచ్చేశాను, వెనక్కి వెళ్లే ఆలోచన లేదు.

మూడోమెట్టు గారు చెప్పిన ఆ వీధి నాకూ ఉండేది. ఇల్లు బాగానే ఉంది, గోడలు బాగానే ఉన్నాయి. పోయింది మనుషులు. పక్కింటివాళ్లు పిల్లల పైచదువుల కోసం వెళ్లిపోయారు, ఆ ఇల్లు రోజువారీ అద్దెకి టూరిస్టులకిచ్చే ఫ్లాటైంది. తర్వాత ఎదురిల్లు. రాత్రి రెండింటికి చక్రాల సూట్‌కేసు రాళ్లు పరిచిన వీధిలో లాగితే ఎలా ఉంటుందో వినాలి మీరు. రోజూ వాడుకునే కొట్లు మూతపడి జ్ఞాపికలమ్మేవి వచ్చాయి. పేట ఇంకా అందంగా తయారైంది, నిజంగానే, రంగులేశారు, దీపాలు పెట్టారు. ఉండేవాళ్లే లేరు.

ఇది నా ఒక్కడి గోల కాదు. వెనిస్ పాత నగరంలో 1951లో సుమారు 1,75,000 మంది ఉండేవాళ్లు, 2022లో ఆ సంఖ్య 50,000 కంటే కిందికి దిగింది. ఆమ్‌స్టర్‌డాంలో సొంతిల్లు టూరిస్టులకి ఏడాదికి 30 రాత్రులకి మించి ఇవ్వకూడదని 2019లో రూలు పెట్టాల్సొచ్చింది. బార్సిలోనా అయితే ఉన్న పదివేల పైచిలుకు టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 2028 కల్లా ఇక పొడిగించబోమని 2024లో ప్రకటించింది. ఇంకో సంగతి, మనలాంటివాళ్లం ఇష్టపడి వెళ్లడం కూడా ఈ కథలో భాగమే. లండన్‌లో మధ్యతరగతివాళ్లు కార్మికుల వీధుల్లో పాత ఇళ్లు కొని బాగుచేసుకుంటుంటే అక్కడున్న కార్మికులు ఎలా ఖాళీ చేయాల్సొస్తోందో రూత్ గ్లాస్ అనే సమాజ శాస్త్రవేత్త 1964లోనే రాశారు.

కాబట్టి ఇల్లు చూసే ముందు ఆ వీధిలో రాత్రిపూట ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో చూడండి. ఫోన్లో ఆ పేట పేరు కొట్టి రోజువారీ అద్దె ఇళ్లు ఎన్నున్నాయో చూడండి. ఎక్కువుంటే కొనకండి, మీరు చేరేది మనుషులున్న పేటలో కాదు, సినిమా సెట్టింగులో.

మూడోమెట్టు:

పెట్టెసర్దినవాడు గారూ, మీరు చెప్పినదాన్ని కాదనను. కానీ అది పాత పేటల తలరాత అన్నట్టు రాస్తే ఒప్పుకోను. ఇటలీలోనే బొలోన్యా ఉంది. 1970ల మొదట్లో అక్కడి నగరపాలక సంస్థ, చవక ఇళ్లు కట్టడానికి ఉద్దేశించిన ప్రభుత్వ డబ్బుని ఊరి బయట కొత్త బ్లాకుల మీద కాకుండా పాత నగరంలోని ఇళ్లు బాగుచేయడానికి మళ్లించింది, అప్పటికే అక్కడున్న మామూలు కుటుంబాలు అక్కడే ఉండేలా. భవనంతో పాటు అందులో ఉంటున్నవాళ్లనీ కాపాడాలన్నది వాళ్ల ప్లాను. అనుకున్నదంతా చేయలేకపోయారు, ఇప్పుడు అక్కడా టూరిస్టుల గొడవ ఉంది, అది వేరే సంగతి. కానీ గోడల్ని మాత్రమే కాపాడే చట్టం ఒకటి, మనుషుల్ని కూడా లెక్కలోకి తీసుకునే చట్టం ఇంకొకటి. వేపనీడ గారి పేటలో ఏది ఉందో చూడాలి కదా, ముందే పెట్టె సర్దించేస్తే ఎలా?

పెట్టెసర్దినవాడు:

చూడమనే అంటున్నా. మీ అంత ఆశ నాకు లేదు, అంతే తేడా.

నిక్కచ్చి:

చట్టం మాటొచ్చింది కాబట్టి. బ్రోకరు "వారసత్వ ప్రాంతం" అన్నాడని ఆగిపోకండి వేపనీడ గారూ. ఎవరు ప్రకటించారు, ఏ చట్టం కింద, దేన్ని కాపాడాలని, ఇవి కాగితం మీద చూడందే అడ్వాన్సు ఇవ్వొద్దు. దేశాన్ని బట్టి ఆ మాటకి అర్థం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

అమెరికాలో నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశం మొత్తానికి ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో, ఇల్లు ఉందంటే గౌరవమే కానీ, సొంత డబ్బుతో మార్చుకునే యజమానిని అది ఆపదు. ఆపేది స్థానిక నగర నిబంధన. అక్కడ అలాంటి రక్షణ ప్రాంతాన్ని మొట్టమొదట నిబంధనగా పెట్టింది చార్లెస్టన్ నగరం, 1931లో. న్యూయార్క్ వాళ్లు తమ ఊళ్లోని పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ కూల్చివేత 1963లో మొదలయ్యాక గానీ కళ్లు తెరవలేదు, 1965లో చట్టం వచ్చింది, ఆ ఏడాదే బ్రూక్లిన్ హైట్స్ ఆ నగరంలో మొదటి చారిత్రక ప్రాంతమైంది. ఫ్రాన్స్‌లో 1962 నాటి చట్టం ఒక్కొక్క కట్టడాన్ని కాకుండా పేటలకి పేటల్నే రక్షణలోకి తెచ్చింది.

ఇంగ్లండ్ సంగతి అందరూ పొరబడేది. అక్కడ కన్జర్వేషన్ ఏరియా వేరు, లిస్టెడ్ బిల్డింగ్ వేరు. మొదటిది 1967 చట్టంతో వచ్చింది, ముఖ్యంగా పేట బయటి రూపానికి సంబంధించింది. చెట్టు కొమ్మ కొట్టాలన్నా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి చెప్పాలి. రెండోది ఆ ఒక్క ఇంటికి సంబంధించింది, కానీ ఇంటి లోపలిది కూడా, అంటే మెట్లు, పొయ్యి చుట్టూ ఉన్న చట్రం, తలుపులు అన్నీ. అనుమతి లేకుండా మారిస్తే క్రిమినల్ నేరం. అసలు షాకు ఇంకొకటుంది: ముందు యజమాని దొంగతనంగా చేసిన మార్పుని సరిచేయమనే నోటీసు కొత్త యజమానికి రావచ్చు, దానికి కాలపరిమితి కూడా లేదు. వాళ్లెప్పుడో గోడ తీసేశారు, మీరు మళ్లీ కట్టాలి. మీ దేశం ఏదైనా సరే, ఇప్పుడున్న ఇంటికీ రికార్డులో ఉన్న ఇంటికీ తేడా ఉందేమో లాయరు చేత చూపించండి.

బ్యాంకు, ఇన్సూరెన్సు విషయం కూడా ముందే తేల్చుకోవాలి. పాత పద్ధతిలో తిరిగి కట్టాలంటే అయ్యే ఖర్చు మార్కెట్ ధర కంటే ఎక్కువ కావచ్చు, మామూలు పాలసీ దాన్ని మొయ్యదు.

గుండ్రాయి:

ఒక చిలిపి ప్రశ్న. పాతది అంటే ఎంత పాతదై ఉండాలి? పోలండ్ రాజధాని వార్సాలో పాత నగరం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైంది. ఇప్పుడు అక్కడ కనబడేది చాలా వరకు యుద్ధం తర్వాత, 1950ల మొదట్లో తిరిగి కట్టింది, పద్దెనిమిదో శతాబ్దంలో బెల్లొట్టో అనే చిత్రకారుడు ఆ ఊరిని చూసి వేసిన చిత్రాలు కూడా చూసుకుంటూ. ముఖాలు పాతవి, లోపల ఇళ్లు కొత్తవి. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరి అక్కడుండేవాళ్లది చారిత్రక పేటా కాదా?

సున్నపుగోడ:

అవునంటాను నేను. అక్కడ పాతది ఇటుక కాదు, వీధుల అమరిక. అదే చోట, అదే వెడల్పు స్థలాలు, అదే ఎత్తు. ఇందాక మూడోమెట్టు గారు చెప్పినదానికే వస్తుంది ఇది. దీనికి పూర్తిగా తిరగేసిన రకం ఒకటుంది, ముందు గోడ ఒక్కటి నిలబెట్టి వెనకాల మొత్తం కూల్చి పది అంతస్తుల ఆఫీసు కట్టడం. ఇటుక అసలైనదే, పేట మాత్రం ఉండదు. నాకైతే వార్సాయే నయం.

వేపనీడ:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మావారికి చదివి వినిపించాను, పెట్టెసర్దినవాడు గారి పోస్టు దగ్గర గట్టిగా తలూపారు, సున్నపుగోడ గారి పోస్టుకి ఆయనే స్క్రూడ్రైవరు వెతుకుతున్నారు, ఏం అర్థం చేసుకోవాలో తెలియట్లేదు.

ఇంకో రెండు సందేహాలు. మా అత్తగారు మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో పడక గదులన్నీ పైన, కింద ఒక పెద్ద గది, వెనక వంటిల్లు. లిఫ్టు లాంటిది పెట్టనిస్తారా? ఇంకోటి, మందపాటి గోడలుంటే వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుందంటారు, నిజమేనా?

సున్నపుగోడ:

సగం నిజం. మందపాటి గోడ ఎండ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం బయట తగిలిన వేడి లోపలికి చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది, అప్పటికి బయట చల్లబడితే కిటికీలు తీసి ఆ వేడిని బయటికి పంపేయొచ్చు. పగలూ రాత్రీ వేడిలో తేడా ఉన్న చోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. రాత్రి కూడా ఉక్కపోసే చోట అంత లాభం ఉండదు. పై అంతస్తుకి గోడలతో పని లేదు, కప్పుదే పెత్తనం, అది వేసవిలో కాలుతుంది. చలి దేశంలో అయితే గోడ తాకితే చల్లగానే ఉంటుంది, హీటింగు ఖర్చు ఎక్కువే. లోపల ప్లాస్టిక్ నురుగు పలకలు కొట్టించేస్తామంటారు, తొందరపడొద్దు, చెమ్మ దారి మూసుకుపోయి ఆ పలకల వెనకే బూజు పడుతుంది. ముందు కప్పు కింద ఇన్సులేషన్ వేయించి, కిటికీ సందులు పూడ్పించండి. పాత చెక్క కిటికీలు పీకేయకుండా లోపలివైపు ఇంకో అద్దపు రెక్క బిగించుకునే పద్ధతి ఉంది, అది చలికీ రోడ్డు చప్పుడుకీ బాగా పనిచేస్తుంది, చాలా చోట్ల అనుమతి కూడా తేలిగ్గా వస్తుంది.

నిక్కచ్చి:

లిఫ్టు సంగతి. రక్షణ బయటి ముఖానికే అయితే లోపల పెట్టుకోవడానికి ఇబ్బంది తక్కువ. లోపల కూడా అయితే పాత మెట్లని కోయకుండా, తర్వాత ఎప్పుడైనా తీసేసినా మచ్చ మిగలకుండా ఉండే ప్లాను చూపిస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. సంరక్షణ అధికారులు ఎక్కడైనా ముందుగా చూసేది అదే, వెనక్కి తీసుకోగలిగిన మార్పా కాదా అని. కొన్నాక అడగడం కాదు, కొనక ముందే వెళ్లి కూర్చుని మాట్లాడండి, వాళ్లతో గొడవలన్నీ ముందు పని చేసేసి తర్వాత అడగడం వల్లే వస్తాయి.

మూడోమెట్టు:

లిఫ్టు దాకా ఎందుకండీ, కింద పెద్ద గదిని అత్తగారికిచ్చి బాత్రూం ఒకటి కట్టించలేరా? ఇంకో మాట, పెద్దవాళ్లకి ఇలాంటి పేట మంచిదో చెడ్డదో మెట్లొక్కటే తేల్చవు. గుమ్మంలో కుర్చీ వేసుకుంటే పలకరించేవాళ్లుంటారు, మందుల షాపు నడిచేంత దూరంలో ఉంటుంది. అదే సమయంలో రాళ్ల వీధిలో కర్ర పట్టుకుని నడవడం కష్టం, అంబులెన్సు సందు మొదట్లోనే ఆగిపోవచ్చు. ఆవిణ్ని ఒకసారి తీసుకెళ్లి ఆ వీధిలో నడిపించండి. ఎవరూ ఆవిణ్ని అడిగినట్టు లేదు.

వేపనీడ:

నిజమే, అడగలేదు. ఇవాళ అడిగితే "కింది గది నాదైతే సరే, కానీ ముందు ఆ వీధిలో ఉండేవాళ్లతో మాట్లాడాలి" అన్నారు. ప్రస్తుతానికి మేం అనుకున్నది, ఆ పేటలోనే ఏదైనా చిన్న ఇల్లు అద్దెకి దొరికితే అన్ని కాలాలూ చూసేదాకా ఉంటాం. ఈలోపు ఈ ఇల్లు అమ్ముడుపోతే పోనీ. మా ఆయన ఈ వారంలో ఒకసారి పనిరోజు రాత్రి వెళ్లి కిటికీల్లో దీపాలు లెక్కపెట్టి వస్తానంటున్నారు.

పెట్టెసర్దినవాడు:

లెక్క ఇక్కడ కూడా చెప్పండి. తక్కువొస్తే నేను చెప్పానుగా అంటాను, ఎక్కువొస్తే నోరు మూసుకుంటాను.

సున్నపుగోడ:

వెళ్తే వాన పడుతుండగానే వెళ్లమనండి, ఆగాక కాదు, గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే టార్చి పట్టుకుని అటక ఎక్కి చూడాలి. వరసగా ఆనుకుని కట్టిన పాత ఇళ్లలో ఉమ్మడి గోడ ఒక్కోసారి పై గది దాకే ఉండి, కప్పు కింద మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా ఉంటుంది. ఒకింట్లో నిప్పు పుడితే వరస మొత్తానికి అదే దారి. ఇటుక గోడ కప్పు పెంకు దాకా వెళ్లి తగిలిందో లేదో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.